ప్లేటుకి ఐదు పప్పులు

రెండువేల నాలుగు. పలాసలోని తన టిఫిన్ హోటల్‌కి కొడుకు తెచ్చిన కంప్యూటర్‌ని ఆమె పొయ్యి దగ్గర్నుంచే అనుమానంగా చూసింది.

"అమ్మా, ఏ టిఫిన్‌కి ఎంత పడతందో ఇది సెప్తాది. మన జీడిపప్పు ఉప్మాకి నష్టమే సూపిత్తంది."

"ఏటి సెయ్యమంటాదట?"

"గుండు పప్పు మానేసి ముక్కలేద్దాం. తినీవోళ్లంతా జీడి ఫ్యాక్టరీ ఆడోళ్లే కదా."

"అందుకే గుండు పప్పెయ్యాల. నేనూ ఆళ్లతో పదేళ్లు జీడిపిక్కలు కొట్టినాను. జీడి నూనెకి సేతులు కాలిపోయీవి. అయినా ఆ పాటలు, ఆ నవ్వులు మళ్లీ రావురా. ఒక్క పప్పు మాత్రం నోట్లో ఏసుకోనిచ్చీవోరు కాదు."

"సరే, ప్లేటుకి ఎన్నని కొట్టమంటావు? గుప్పెడంటే ఇది ఒప్పుకోదు."

"ఐదు."

"ఇన్నాళ్లూ లెక్కెట్టే ఏత్తన్నావా! ఐదే ఎందుకు?"

ఆమె గరిటె ఆపి నవ్వింది.

"జీడిపప్పు ఎలాగుంటాదమ్మా అనడిగినావు. నాలుగేళ్లోడివి అప్పుడు. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు కాడ కాపలావోడు నా కొంగు ముడి ఇప్పితే దొరికినవి ఐదు."

కొడుకు పప్పుల లెక్క గడిలో ఐదు కొట్టాడు. తెర ఎర్రగా నష్టమనే చూపించింది. అతను లేచి వెళ్లి, ఒక ప్లేటు తీసుకుని ఉప్మా కోసం తల్లి ముందు పట్టాడు.