కాందిశీకుల కార్డు

(నిఘంటువు కార్యాలయం. సంపాదకుడు మేష్టారు, పదాల కార్డులు రాసే అమ్మాయి.)

“మళ్ళీ అదే కార్డా! ప్రెస్సువాడు పొద్దుట్నించీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడమ్మా. ‘క’ మొత్తం అయిపోయింది, ఇదొక్కటీ తప్ప.”

“రాస్తున్నా మేష్టారూ.”

“నాలుగు రోజుల్నించీ రాస్తూనే ఉన్నావు. ఏదీ, చదువు.”

“కాందిశీకుడు. ‘కాం దిశం’ నుంచి వచ్చింది. ఏ దిక్కుకి, అని. ఏ దిక్కుకి పోవాలో తెలీక పారిపోయేవాడు.”

“ఎంత మాటో చూశావా! శరణార్థి అంటే కనీసం అడగడానికి ఒక గుమ్మం ఉన్నట్టు. వీడికి అదీ లేదు, పరుగొక్కటే. సరే, ఉదాహరణ?”

“అదే... పేపర్లోంచి ఒకటి తీసి పెట్టేద్దామా?”

“పెట్టేద్దామా? ఎనిమిదేళ్ళ నుంచీ ఉన్నావు, మన పద్ధతేమిటి?”

“మనిషి నోట విన్న వాక్యమే రాయాలి. కింద ఎవరన్నారో, ఎవరి గురించి అన్నారో రాయాలి.”

“మరి? ఏటి అవతల గొడవలకి పారిపోయి వచ్చినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. స్కూళ్ళన్నీ వాళ్ళతోనే నిండిపోయాయి. ఒక్క వాక్యం దొరకలేదా?”

“దొరికింది.”

“దొరికితే నీళ్ళు నములుతావేం?”

“‘ఆవిడెవరో నాకు తెలీదు. ఎవరో కాందిశీకురాలు.’”

“భేష్! అచ్చం మనిషి మాట్లాడినట్టే ఉంది. ఎవరన్నారు?”

“వదిలెయ్యండి మేష్టారూ.”

“వదిలేస్తే కార్డు చెల్లదు. ఎవరన్నారు?”

“నేనే.”

“నువ్వా? ఎవరితో?”

“మన గేటు వాచ్‌మన్‌తో. సోమవారం.”

“ఎవరి గురించి?”

“మా అమ్మ గురించి.”

“అదేమిటి? మీ అమ్మ చిన్నప్పుడే పోయిందన్నావుగా? ఈ ఊరిదాన్నే అన్నావు?”

“అన్నాను. మీతో అన్నాను, మా అత్తగారితో అన్నాను. మాది ఏటి అవతలే. చదువుకోడానికొచ్చి ఇక్కడే ఉండిపోయా. మా అత్తగారు ఈ నెలంతా ‘కాందిశీకులు’ అన్న మాటని తిట్టులా వాడుతోంది మేష్టారూ. అమ్మేమో మూట చంకన పెట్టుకుని, నన్ను వెతుక్కుంటూ గేటు దగ్గరికొచ్చింది. ‘మీవాళ్ళా మేడమ్?’ అన్నాడు వాచ్‌మన్. వెనకాల ఆఫీసువాళ్ళందరూ ఉన్నారు. నోట్లోంచి వచ్చేసింది. సిగ్గుతో చచ్చిపోతున్నా.”

“అయ్యో తల్లీ. ఎటు వెళ్ళింది మరి?”

“చూడలేదు. తల దించుకుని లోపలికొచ్చేశా. అప్పట్నించీ సాయంత్రమయ్యేసరికి ఆ స్కూళ్ళన్నీ తిరుగుతున్నా. ఎక్కడా లేదు.”

“వినలేదేమోలే. వాచ్‌మన్‌తో కదా అన్నావు.”

“వింది. నా మీదికి మాట రాకుండా కాచింది కూడా.”

“ఏమంది?”

“‘నిజమే బాబూ, నేనే పొరబడ్డాను. మా అమ్మాయి ఇలా ఉండదు’ అంది.”