ముందు మీరు పదండి

"ఆ ఖాళీ మేకు నాది, యదుల్లా! గోడనిండా మల్లయోధుల ఫోటోలు తగిలించావు. వాళ్లలో ఒక్కడైనా విప్లవాన్ని ఆపాడా? నేను ఆపాను. ఇదిగో, నా ఫోటోకి ఫ్రేము కూడా కట్టించి తెచ్చాను," అన్నాడు ఖోదాదాద్, చక్కెర పలుకు పంటి కింద పెట్టుకుని టీ చప్పరిస్తూ.

"ఏ విప్లవం, ఖోదాదాద్ ఆగా?" అన్నాడు టీకొట్టు యదుల్లా.

"రాలేదుగా, నీకెలా తెలుస్తుంది! ఆ చలికాలం రాజుగారిని దింపి మతగురువుల రాజ్యం తెస్తామని మన ఖజ్విన్ ఊరి జనమంతా గవర్నరు భవనం మీదికి బయల్దేరారు. గేటు దగ్గర నా పక్కన ఒక దర్జీ. నేను చేసిందల్లా ఒక్కటే, మర్యాదస్థుణ్ణి కదా, గుండె మీద చెయ్యేసుకుని 'ముందు మీరు పదండి' అన్నాను. ఆయన 'అబ్బే, మీ తర్వాతే' అన్నాడు. ఇంకేముంది, వెనకవాడు వాడి వెనకవాడితో, వాడు ఆ వెనకవాడితో... లక్షమంది! ఒక్కడూ గడప దాటలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇళ్లకి పోయారా?"

"అప్పుడేనా! మూడు రోజులు! లోపలి సిపాయిలు 'మీరు రండి' అంటారు, వీళ్లు 'మీరే రండి' అంటారు. ఒక సిపాయి విసిగిపోయి తుపాకీ పేల్చాడు. తూటా బయటికొస్తేనా? 'ముందు మీరు' అంటూ లోపల రెండు తూటాలు ఒకదాన్నొకటి బతిమాలుకుంటున్నాయి, ఈ చెవులతో విన్నాను."

"ఏ భాషలో ఆగా?"

"మన ఖజ్విన్ యాసలోనే! అది కాదయ్యా, కురిసే మంచు మా నెత్తి మీదికొచ్చి ఆగిపోయింది, ఏ పలుకు ముందు రాలాలో తేలక. చలికాలం వసంతంతో 'ముందు మీరు' అంటే అది 'మీరుండండి' అంది, ఆ ఏడు వసంతంతో పాటు రావలసిన నౌరోజు పండగ పదమూడు రోజులు ఆలస్యం! చివరికి ఆకలికి తాళలేక అందరూ మాంసం పులుసుకి ఇళ్లకి పోయారు. విప్లవం అంతటితో సరి. ఊఁ, తగిలించు ఫోటో."

యదుల్లా ఫోటో అందుకున్నాడు. తలుపు పక్క బల్ల మీద ఎనభై ఏళ్ల తూరాన్ ఖానమ్, తడిసిన గొడుగు ఒళ్లో పెట్టుకుని, ఇంకా పాదం రుద్దుకుంటోంది.

"ఖోదాదాద్ ఆగా, 'ముందు మీరు' అన్నది మీరేనా?"

"నేనే ఖానమ్, గుండె మీద చెయ్యేసుకుని!"

"ఇందాక ఈ తలుపు దగ్గర నా కాలు తొక్కి లోపలికొచ్చారు. మీరు తాగుతున్నది యదుల్లా నాకు పోసిన టీ. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, రొట్టెల కొట్టు వరసలో మీ ముందు ఒక్కరినీ నిలబడనివ్వలేదు. ఆ రోజు నిజంగా మీరే గనక గేటు దగ్గరుంటే, పొద్దున పదింటికల్లా విప్లవం అయిపోయేది!"

టీకొట్టంతా ఘొల్లుమంది. యదుల్లా ఫోటో తిరిగి ఖోదాదాద్ చేతిలో పెట్టి, ఖానమ్ గొడుగు తీసుకుని ఆ మేకుకి తగిలించాడు.