బిళ్ల మీద సున్నా

నా పేరు బొద్దుల సంధ్యారాణి. తండ్రి కొమురెల్లి. వయసు ముప్పై ఒకటి. నివాసం గోదావరిఖని, విఠల్‌నగర్. గనిలో పనులు చేయించే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రామర్‌ని. ఈ రోజు, 2008 మార్చి 14, ఉదయం పది గంటలకు ఎవరూ పిలవకుండానే ఠాణాకు వచ్చి ఎస్సై గారి ముందు చెబుతున్నాను.

మా కార్మికులందరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలుంటాయి. గనిలోకి దిగేటప్పుడు బిళ్లను బోర్డుకు తగిలించి లాంపు తీసుకుంటారు. పైకి వచ్చాక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్ల నంబర్లనే ముందు ఒక సున్నా కొట్టి ఇస్తారు. ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అన్నది లాంపులిచ్చే చోట ఎక్కిస్తే, ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటర్ ఫైలుగా మా ఆఫీసుకు వస్తుంది. దాన్ని చదివే ప్రోగ్రాం రెండేళ్లు కూర్చొని నేను రాశాను. అందులో ఒక్క పేరు తప్పు కొట్టినా నడిపాక గానీ తెలిసేది కాదు.

కిందటేడు జోయా చేరింది. వయసు ఇరవై రెండు. పని నేర్పింది నేనే. ఫిబ్రవరిలో ఆమె ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఒక కొత్త టూల్ సీడీలో తెచ్చింది. అది ఇంకా పూర్తికాలేదు, చూడటానికని ముందుగా వదిలిన ప్రివ్యూ. ఎక్కడ అక్షరాలుండాలి, ఎక్కడ అంకెలుండాలి అని చెప్పే స్కీమా ఫైలు ఇస్తే చాలు, చదివే కోడంతా అదే రాసిపెడుతుంది. తప్పు కొడితే నడపకముందే ఎర్రగీత గీస్తుంది. నా రెండేళ్ల పనిని ఆమె రెండు రోజుల్లో ముగించింది. నాదాన్ని తీసేసి దాన్నే పెట్టారు.

మేనేజర్ ఎల్లేశం గారు అందరి ముందూ అన్నారు: "సంధ్యా, నువ్వు రెండేండ్లు గీకినవ్. గీ పిల్ల రెండు దినాల్ల కొట్టి పడేసింది. జర చూసి నేర్చుకోరాదు?"

"అట్ల అనకుండ్రి సార్, అక్కనే నాకు నేర్పింది" అన్నది జోయా. ఆ మాటకు ఇంకా మండింది. ఆ పిల్లను చూసి నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. అట్లాగే రాయండి.

మార్చి 12, బుధవారం, మధ్యాహ్నం 1.10. జోయా నమాజుకు వెళ్లింది. వెళ్తూ తను తెచ్చిన ఖీమాలో సగం నా డబ్బాలో పెట్టింది. తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. ఆమె కంప్యూటర్‌లో స్కీమా తెరిచి, బిళ్ల నంబరు దగ్గర అక్షరాలు అని ఉన్నదాన్ని అంకె అని మార్చాను. ప్రోగ్రాం మళ్లీ తయారు చేసి పెట్టాను. అంకె అయితే ముందున్న సున్నా నిలవదు. 0417, 417 ఒక్కటైపోతాయి. లిస్టు గందరగోళమై ఆమె తిట్లు తినాలని చేశాను. అంతకు మించి ఆలోచించలేదు.

3.15కు మొదటి షిఫ్టు వాళ్లు పైకి వచ్చారు. 417 వచ్చాడు. 0417 ఎల్లన్న రాలేదు. కంప్యూటర్ మాత్రం అందరూ వచ్చినట్టే చూపింది. ఎర్రగీత రాలేదు. కంప్యూటర్ పెట్టినప్పటి నుంచి బోర్డు వంక చూసే అలవాటు అందరికీ పోయింది.

5.40కి ఎల్లన్న భార్య సమ్మవ్వ గేటు దగ్గరికి వచ్చింది. "బిళ్ల బోర్డు మీదనే ఏలాడవట్టె. మా ఆయన ఏడి? మీ కంప్యూటర్ డబ్బా వచ్చిండంటే వచ్చినట్టేనా?" అని కేకలేసింది.

6.50కి ఎల్లన్నను స్ట్రెచర్ మీద తెచ్చారు. షిఫ్టు చివర్లో బొగ్గుపెళ్ల పడి కుడికాలు నలిగింది. దాదాపు నాలుగు గంటలు ఒక్కడే పడి ఉన్నాడు. దవాఖానలో కాలు మోకాలి కింద తీసేశారు. ముందే తెస్తే దక్కేదని డాక్టరు అన్నాడట.

జోయా పావుగంటలో తప్పు కనిపెట్టింది. అప్పుడు కూడా నాకు కుళ్లే పుట్టింది. నిన్న ఆమె మీ ముందు, "ఆ ప్రివ్యూను నిజం పనికి వాడొద్దని దాని మీదనే రాసి ఉండె. వాడింది నేను. తప్పు నాదే" అని చెప్పిందని విన్నాను. ఆమె నమాజుకు పోయినప్పుడు గదిలో ఉన్నది నేనొక్కదాన్నే, మార్చింది ఎవరో ఆమెకు తెలుసు. నా పేరు చెప్పలేదు. ఆఫీసులో అందరూ ఎంత మంచి పిల్ల అంటున్నారు.

ఆమె ప్రోగ్రాం నాదానికన్నా మంచిది. అందులో తప్పు లేదు. తప్పు నేను చేశాను. దాన్ని కూడా ఆమె పేరున రాయకండి. అది ఒక్కటీ నాది.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి చదివి వినిపించారు. ఎవరి బలవంతమూ లేదు. అంతా నిజమని ఒప్పుకొని చేవ్రాలు చేస్తున్నాను.

(సం.) బి. సంధ్యారాణి