చెదలు మిగిల్చిన సగం కథ

నాంచారి అని మా ఊరి హైస్కూల్లో పదో తరగతి పిల్ల. పుస్తకాల పిచ్చంట దానికి. పాఠాల పుస్తకాలు కాదయ్యా, కథల పుస్తకాలు! బళ్లో అద్దాల బీరువా నిండా ఉన్నాయి, ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చిపోయాడు. ఉండి ఏం లాభం? హెడ్మాస్టరు శేషగిరిగారు మహా భక్తిపరుడు. పుస్తకమంటే సాక్షాత్తూ సరస్వతీదేవి, పిల్లకాయల చేతుల్లో పడితే నలిగిపోద్ది అని తాళం వేసేశాడు. ఏటా దసరా సెలవల ముందు ఆ బీరువాకే పసుపు, బొట్లు, దండ, కొబ్బరికాయ. హారతి ఇచ్చేది, దణ్ణం పెట్టేది, తాళం మాత్రం తీసేది లేదు. ఈ పిల్లేమో అన్నం బెల్లు కొట్టంగానే గబగబా నాలుగు ముద్దలు మింగి అద్దం కాడ నిలబడిద్దంట. అట్టల మీద పేర్లు చదువుకోటం, లోపల ఏముందో అని అనుకోటం. పది అయిపోతే మిరపకోతలకి పంపుతామని ఇంట్లో చెప్పేశారు. ఇంక బడీ లేదు, బీరువా లేదు. ఈలోపల ఒక్క కథన్నా చదవాలని దాని ప్రాణం కొట్టుకుంటా ఉండేది.

కొత్తగా వచ్చిన ఝాన్సీ టీచరు హెడ్మాస్టర్ని అడిగింది. ఏవండీ, వారానికో పీరియడు పిల్లల్ని ఊరికే చదువుకోనిద్దాం, మార్కులొద్దు, ప్రశ్నలొద్దు, అని. ఊరికే చదివేదేందమ్మా, పరీక్షలో వచ్చిద్దా, అన్నాడంట ఆయన. అట్టా ఉంటదనుకో ఆయన వరస. ఏమైందంటే, ఆ ఏడు దసరా పూజలో హారతి అయ్యాక, ఏం కోరుకున్నార్రా అని పిల్లల్ని వరసన అడిగాడు. మార్కులు సార్, ర్యాంకు సార్, అంటన్నారు అందరూ. నాంచారి వంతొచ్చింది. "అమ్మవారిని ఒక్కసారి బయటికి రమ్మన్నా సార్. ఇన్నేళ్ల నుంచి లోపలే ఉంది గదా, ఆమెకి మాత్రం ఊపిరాడొద్దా" అందంట! ఆయన జంధ్యానికి కట్టుకున్న తాళంచెవి తీశాడు.

తలుపు తీస్తే ఏముంది నా తల్లీ! అద్దం వైపు అట్టలు నిగనిగలాడతన్నాయి, లోపలంతా చెదలు. పట్టుకుంటే మట్టి రాలింది. పెద్దాయన అక్కడే కూలబడి, "నా చేతులతో నేనే పాతిపెట్టాను గదమ్మా" అని పిల్లల ముందే ఏడ్చాడంట. అన్నిట్లో వెనక వరసలోది ఒకటే సగం మిగిలింది. అట్ట లేదు, పేరు లేదు, మొదలు లేదు, చివర లేదు. అదే నాంచారి చేతిలో పెట్టి, చదవమ్మా అన్నాడు. వరండాలో కూర్చుని పైకి చదివింది. ఏటి ఒడ్డున ఒక చెల్లెలు, పడవలో పోయిన అన్న కోసం చూస్తా ఉంటదంట. గాలీ వానా అంట. చీకట్లో నీళ్ల మీద పడవ దీపం కనబడిందంట. ఆ చెల్లెలు పరిగెత్తిందంట. అంతే, ఆ పైన చెదలు తినేసినయ్యి. గోల పెట్టారయ్యా పిల్లకాయలు! వాళ్లన్నే వచ్చాడని కొందరు, కాదని కొందరు. బెల్లు కొట్టినా ఒక్కడు కదల్లేదు. ఇంకోసారి చదవవే అన్నాడంట హెడ్మాస్టరే.

ఇప్పుడు కొత్త పుస్తకాలొచ్చాయి, తాళం లేదు, ఊరికే చదివే పీరియడూ వచ్చింది. అవొచ్చేసరికి నాంచారి మిరపచేలోకి పోయింది. ఊళ్లోకి చదువుకున్నోళ్లు ఎవరొచ్చినా, ఆ పడవలో వచ్చిందెవరండీ అని అడుగుద్ది. పేరు తెలవని పుస్తకం, ఎవరు చెప్తారు? నువ్వు నవ్వుతావేమో గానీ, నాకు మాత్రం నవ్వు రాదు. ఏమయ్యా, నా మాటలన్నీ రాసుకుంటన్నావు, బోలెడు పుస్తకాలు చదివుంటావు, నీకేమన్నా తెలుసా? తెలవకపోతే తెలవదనే చెప్పు, సర్ది చెప్పమాక. అదిగో, నువ్వొచ్చావని విని కోత వదిలేసి వచ్చింది, గుమ్మంలో నిలబడి ఉంది.