మూడు దేశాల్లో ఇల్లు చూసిన రాజుగారు

“పెద్ద విశేషమేం కాదండీ. ఖుల్నాలో ఓ ఇంటి అద్దె అడిగాను, అంతే,” అన్నారు అచ్యుతరామరాజుగారు.

ధవళేశ్వరంలో సంపూర్ణమ్మ టీ బడ్డీ. ఆ ఏడాది స్థలాల రేట్లు వారానికో రకంగా ఉన్నాయి, అద్దెలూ వాటితోపాటే ఎగిరాయి. బల్ల మీద కూర్చున్న ఇరిగేషన్ ఆఫీసు గుమస్తా గణేష్‌బాబుని ఇంటి ఓనరు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. టీ చల్లారిపోతున్నా అతను తాగడం లేదు.

“ఖుల్నా ఎక్కడండీ?” అన్నాడు.

“బంగ్లాదేశ్. రొయ్యల చెరువులు చూసి రమ్మని భీమవరం వాళ్లు పంపార్లెండి. ఢాకాలో అద్దె వింటే మన రాజమండ్రే నయమనిపించి ఖుల్నా బస్సెక్కేశాను. ఖుల్నాలో మూడు గదులు, వరండా, వెనకాల చెరువు, ఎంత చెప్పాడో తెలుసా? ఇక్కడ మనం మోటారుసైకిలు పెట్టుకోడానికిచ్చేదాంట్లో సగం! నేను మాట్లాడకుండా నిలబడ్డాను. ఓనరు కంగారుపడి చెరువులో చేపలు కూడా మీవేనన్నాడు. ఇంకా నిలబడ్డాను. వాళ్లావిడొచ్చి వంట కూడా నేనే చేసిపెడతానంది.”

“తీసుకున్నారా మరి?”

“తొందరెందుకండీ! పక్క దేశం చూడొద్దూ? శ్రీలంక వెళ్లాను. కొలంబోలో గుమ్మం తొక్కలేం. కిందకి, మాతర వైపు పోతే సముద్రం ఒడ్డున మేడ, కారుచవక. కెరటాల చప్పుడుకి నిద్ర పట్టదేమో అన్నాను. అంతే, ఓనరు నలభైమందిని పిలిచి మేడ ఎత్తించి అర కిలోమీటరు వెనక్కి పెట్టించాడు. నేను లోపల టీ తాగుతూనే ఉన్నాను, చుక్క తొణకలేదు!”

“మేడనాండీ!” అంది సంపూర్ణమ్మ.

“రెండంతస్తులమ్మా! డాబా మీద ఆరేసిన బట్టలు కూడా తియ్యలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ కబురు నేపాల్ దాకా పాకింది. ఖాట్మండులో రేట్లు మంటలే, అందుకని పడమటి కొండల్లోకి పోయాను. అక్కడ ఇల్లు కొంటే కొండ ఊరికే ఇస్తారు. కింది వాకిట్లో మండుటెండ, పై గదిలో మంచు. కింద ఆవకాయ ముక్కలు ఎండబెట్టుకోవచ్చు, పైన ఫ్రిజ్ అక్కర్లేదు. కిటికీ తీస్తే మబ్బొచ్చి మంచం మీద కూర్చుంటుంది, లెమ్మంటే అలిగి దుప్పటి తడిపేస్తుంది. ఒక్కింటికి కాగితాలు రాయిస్తుంటే చుట్టుపక్కల జనమంతా తాళంచెవులు పట్టుకొచ్చి మాదీ తీసుకోండంటూ లైను కట్టారు. కాదంటే ఏడుస్తారు, ఏం చేస్తాం? ఇళ్లూ కొండలూ అన్నీ మూటలు కట్టి తెచ్చుకున్నాను. తీరా ఎక్కితే విమానం లేవదే! పైలట్ వచ్చి దండం పెట్టాడు, ‘రాజుగారూ, కనీసం ఒక జిల్లా దించెయ్యండి’ అని!”

సంపూర్ణమ్మ పగలబడి నవ్వింది. గణేష్‌బాబు మాత్రం నవ్వలేదు. లేచి దగ్గరికొచ్చాడు.

“విమానం సంగతి వదిలెయ్యండి. ఆ ఖుల్నా ఇల్లు మాత్రం నిజమేనాండీ? అంత తక్కువకి ఎక్కడైనా ఇస్తున్నారా? మాకు రెండు గదులు చాలు.”



ఇంతసేపూ మూలనున్న తాపీమేస్త్రీ యెహెజ్కేలు గ్లాసు కింద పెట్టాడు.

“రాజుగారూ, మొన్న శుక్రవారం బొమ్మూరులో మెట్ల కింద గది అడిగింది మీరే కదండీ? నేను ఆ ఇంటికే వెనకాల సిమెంటు పని చేస్తున్నాను. పడుకుంటే కాళ్లు చాపుకోడానికి చాలుతుందా అని జానతో కొలుచుకున్నారు. అద్దె విని, మళ్లీ వస్తానని వెళ్లిపోయారు.”

సంపూర్ణమ్మ నవ్వు ఆగిపోయింది.

“ఇంకా ఖాళీగానే ఉందా, యెహెజ్కేలూ?” అన్నారు రాజుగారు మెల్లగా.

“లేదండీ. నిన్న ఎవరో దిగిపోయారు.”

గణేష్‌బాబు ఆయన మొహంలోకి ఓ క్షణం చూశాడు. అటుగా పోతున్న ఆటోని చెయ్యెత్తి ఆపాడు.

“రండి, ఇద్దరం కలిసి చూద్దాం. ఎటు వెళ్దామంటారు?”

రాజుగారు ఆటోలో సర్దుకుని కూర్చున్నారు.

“కడియం వైపు పోనిమ్మనండి. అక్కడొక్కటే నేనింకా అడగలేదు.”