తలుపు కింద చిల్లులు

షెడ్డులో పాత పికప్పు బండి కొత్త రంగుతో మెరుస్తోంది. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని బండి తలుపు అడుగు అంచును తడుముతున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది.

"అక్కా, ఇటు చూడు. రంగేసి ఏడాదైనా కాలేదు, అప్పుడే పొక్కులు! తుప్పంతా గీకి పుట్టీ పెట్టింది నేనే కదా?"

"వేలితో నొక్కి చూడు."

"అమ్మో, వేలు లోపలికి దిగిపోయింది! నీళ్లు కారుతున్నాయి. తలుపులోకి నీళ్లెలా వచ్చాయి?"

"అద్దం సందులోంచి. వానొస్తే ఏ బండికైనా అంతే. ఆ నీళ్లు పోవడానికే కింద చిల్లులుంటాయి."

"తుప్పు తిన్న బొక్కలనుకుని వాటన్నిటినీ పూడ్చేశానే!"

"ఎంత ముచ్చటగా పూడ్చావో! పుట్టీ డబ్బా పట్టుకుని పక్కనే ఉన్నాగా."

"తెలిసి కూడా నోరు మెదపలేదా?"

"నాన్న పుల్లతో ఆ చిల్లుల్లో మట్టి తీస్తుంటే, ప్రతిసారీ లైటు పట్టింది నేను. బండి మాత్రం నీకిచ్చాడు. ఆడపిల్లకి బండి గురించి ఏం తెలుసన్నాడు. నువ్వేమో పక్కన నిలబడి పళ్లికిలించావు."

"ఆ కడుపుమంటతో నాన్న బండిని కుళ్లబెడతావా?"

"నాన్న బండి కాదు నాయనా, నీ బండి."

"సరే, తప్పు నాదే. తలుపులేనా, ఇంకెక్కడైనా పూడ్చానా? నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పక్కా."

అక్క గ్లాసులో మిగిలిన టీ నింపాదిగా తాగింది.

"ఆడదాన్ని, నాకేం తెలుసురా? మళ్లీ వానొస్తుందిగా, అదే చెప్తుంది."