మా రమ్య బండి సైలెన్సర్ లొల్లి

“పెద్దబాపూ, మొన్న రమ్యక్క బండి ట్రాక్ మీద స్టీరింగ్ పట్టేసిందంట గదా! ఏమైందో చెప్పవా?”

ఎవరు చెప్పిన్రు నీకు? మీ నాయననా? వానికి సగమే ఎరుక. నా తమ్ముడే గని, సగం కతకే లేసి బయటికి పోతడు, చిన్నప్పటి సంది గంతే. కూసో బిడ్డా. మీ పెద్దమ్మ చాయ్ పెడుతది, తాగుకుంట ఇను.

మా రమ్యకు రేసు బండి పిచ్చి గదా, నీకు ఎరుకనే. ఆఫీసు లేని రోజంటే చాలు, షెడ్డుల ఆ పాత చిన్న కారు కిందనే ఉంటది. దాని ఇంజన్ ఖరాబైతే నేనే అన్న, “పెద్దింజన్ ఎక్కిద్దాం తియ్” అని. దబీర్‌పురల మా బాపు షెడ్డు పెట్టిన కాడికెల్లి మేం ఎక్కియ్యని ఇంజన్ ఉందా? ఆయన జమానాల, అంటే చాయ్ చారాణాకు... కాదు కాదు, బారాణాకు... ఏదో ఒకటి తియ్. ఎక్కిచ్చినం. జబర్దస్త్‌గ కూసున్నది.

గని ఇంజన్ పెద్దగైతే పక్కపొంటి జాగ తక్కువైతది గదా! సైలెన్సర్ పైపు స్టీరింగ్ రాడ్ పక్కకెల్లే కిందికి దిగాలె, ఇంకో తొవ్వ లేదు. ఆ రాడ్‌కు నడుమల జాయింట్ ఉంటది, స్టీరింగ్ తిప్పితే అది తిరుగుతది. దానికి పైపు తాకిందనుకో, ఇగ బండి మన మాట ఇంటదా?

సందు ఎంతుందో చూసేటందుకు మాకో పద్ధతి ఉంది, బాపు నేర్పిందే. రొట్టెల పిండి! ఏయ్, నవ్వకు. చెయ్యి పట్టని కాడ టేపు ఏం పెడ్తవ్? పైపుకు, జాయింట్‌కు నడుమ పిండి ముద్ద పెట్టి స్టీరింగ్ ఇటూ అటూ తిప్పుతం. తీసి చూస్తే ఎంత మందం మిగిలితే అంత సందున్నట్టు. మాకు ఏలు మందం మిగిలింది. మస్తుంది, ఫికర్ లేదనుకున్నం.

ఇగ శనివారం పొద్దుగాల బండిని డీసీఎం లారీల ఎక్కిస్తున్నం. ఎదురింటి ఖాలా, పెద్ద మనిషి, గుండె ఆపరేషన్ అయ్యి ఇంటి పట్టునే ఉంటది, కిటికీలకెల్లి అడిగింది, ఎటు పోతున్నరని. రేసుకు అన్న. మలక్‌పేట గుర్రప్పందాల కాడికనుకొని ఎంత తిట్టిందో! “బేటీకు తీస్కపోతవా, షరమ్ నై? సిగ్గు లేదా?” అని. బండి కండ్ల ముంగట్నే ఉంది మల్ల.

ట్రాక్ మీద ప్రాక్టీస్ మొదలైంది. మూల తిరుగుతుంటే స్టీరింగ్ పట్టుకున్నది. నా పానం పోయిందనుకో! రమ్య ఎట్లనో బండి ఆపింది. ఆడ చెకింగ్ చేసే సారు పైపు చూసి, “రేపు రేసుకు ముందు మళ్ల చూస్త, తాకితే ఇంటికే” అన్నడు. తప్పేం లేదు, మనిషి పానం గదా. రమ్య ముఖం చూడలేకపోయిన బిడ్డా. ఏడాది సంది ఆ ఒక్క రేసు కోసమే కష్టపడ్డది.

నేను ఊకుండక, “కొద్దిగ మెల్లగ నడుపరాదు” అన్న. “మెల్లగ పోయేటందుకు ఆటో ఎక్కుత గద డాడీ!” అని మీద పడ్డది. నా బిడ్డనే, నా నోరే వచ్చింది. మల్ల తనే అన్నది, “తొక్కితేనే పట్టుకుంటుంది, కాలు తీస్తే ఇడుస్తుంది” అని.

గప్పుడు ఎలిగింది నాకు. మేం షెడ్డుల ఒక్కసారన్న ఆక్సిలరేటర్ గట్టిగ తొక్కి రేస్ ఇయ్యలే! మా గల్లీల ఎవరూ ఇయ్యరు. బాపు పెట్టిన కట్టుబాటు అది, ఇరుగుపొరుగు పండుకుంటరు, నమాజ్ ఉంటది, పిల్లల పరీక్షలుంటయి. ఏ బండైనా స్టేషన్ దిక్కు ఖాళీ జాగకు తీస్కపోయి రేస్ ఇస్తం. గని ఇది నంబర్ లేని బండి, రోడ్డెక్కదు. అందుకే షెడ్డులనే స్టార్ట్ చేసుడు, బంద్ చేసుడు. మెల్లగుంటే ఇంజన్ బుద్ధిగ కూసుంటది. తొక్కినమంటే దాన్ని మోసే మౌంటింగ్ రబ్బర్ల మీద పక్కకు వంగుతది, పైపు దానెంబడే పోతది. పిండి అబద్ధం చెప్పలే, మేం అడిగిందే సప్పుడు లేని ఇంజన్‌ను.

పగటికల్లా బండిని ఇంటికి తెచ్చినం. సక్కగ ఖాలా కాడికి పోయిన. “మస్తు లొల్లి అయితది, జరసేపు మీ బిడ్డ ఇంటికి పోతరా?” అన్న. సంగతంతా ఇన్నది. ఇని, కుర్సీ తెప్పిచ్చుకొని గుమ్మంల కూసున్నది! చెవులకు దుపట్టా చుట్టుకొని, “దబా బేటీ దబా! ఆజ్ మేరేకు నీంద్ నక్కో!” ఇయ్యాల నాకు నిద్రొద్దు, తొక్కు అంటుంది.

ఇగ సందుల మళ్ల పిండి పెట్టినం. రమ్య గేరేసి, బ్రేక్ మీద కాలు పెట్టి, క్లచ్ జరంత ఇడుసుకుంట తొక్కింది. అబ్బబ్బ! రేకులు అదిరినయ్, పావురాలన్ని లేసిపోయినయ్, గల్లీకి గల్లీ బయటికొచ్చింది. పిండి తీసి చూస్తే కాయిదమంత పల్చగ నొక్కుకపోయింది, మీదికెల్లి కాలింది గూడ. మీ పెద్దమ్మ అన్నది, “ఇగ కూర ఒక్కటి తక్కువ” అని.

పైపు వంపు కాడ కోసి, ఇంజన్ దిక్కు తిప్పి, వెల్డింగ్ కొట్టిన. మళ్ల పిండి, మళ్ల రేస్. ఈసారి లావుగ, దిట్టంగ మిగిలింది. ఖాలా లేసి చప్పట్లు కొట్టింది. వద్దు ఖాలా, గుండె జాగ్రత్త అంటే ఇంటదా?

తెల్లారి ఆ సారు రేస్ ఇప్పిచ్చి, స్టీరింగ్ తిప్పి, టార్చ్ పెట్టి చూసి, పో అన్నడు. ఇగ సూడు నా బిడ్డను! శనివారం పట్టుకున్న ఆ మూల మీదనే ముందు బండిని దాటింది. ఫస్ట్ వచ్చింది బిడ్డా, ఫస్ట్! హెల్మెట్ తీసి ఉరుక్కుంటొచ్చి, “డాడీ, ఆడ కాలు తియ్యలే! అస్సలు తియ్యలే!” అన్నది. నేను ఏడిసిన. ఎందుకు దాసుడు, అందరి ముంగట ఏడిసిన, అరిసిన, ఆ సారును గూడ పట్టుకొని ఎగిరిన.

సల్లగుండు బిడ్డా. నీకు గూడ గిసొంటి పిచ్చి ఏదన్న ఉంటే దాసుకోకు, నాకు చెప్పు. షెడ్డుంది, నేనున్న. గల్లీకి నేను చెప్పుకుంట...